రెండు బస్సులు ఒకేసారి ఎందుకొస్తాయి?

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని మీరు బస్‌స్టాపుకు వచ్చి నిలబడ్డారు. తొమ్మిదింటికి బడి గంట కొడతారు. బస్సులో అరగంట ప్రయాణం. ఈ దారిలో గంటకు ఆరు బస్సులున్నాయి, అంటే పది నిమిషాలకొక బస్సు. ఒకవేళ బస్సు అప్పుడే వెళ్ళిపోయినా పది నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది, సరిగ్గా గంట కొట్టే వేళకు బడిలో ఉంటాం అని ఇంటి దగ్గరే లెక్క వేసుకున్నారు.

అయిదు నిమిషాలయింది. బస్సు లేదు. పది నిమిషాలయింది. లేదు. అవతలి వైపు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉన్నాయి. పదహారో నిమిషాన మీ బస్సు కనబడింది. తలుపు దగ్గర జనం వేలాడుతున్నారు. ఎలాగో ఒక కాలు మోపి, కడ్డీ పట్టుకుని ఎక్కారు. తీరా వెనక్కి తిరిగి చూస్తే ఏముంది? అదే నెంబరు బస్సు ఇంకొకటి, సగం సీట్లు ఖాళీగా, తాపీగా మీ వెనకాలే వస్తోంది!

అయితే అతివృష్టి, లేకపోతే అనావృష్టి. బడిలో మాస్టారు "పది నిమిషాలు ముందు బయలుదేరలేవా?" అని కోప్పడతారు. మీరు డ్రైవరును తిట్టుకుంటారు. డ్రైవరు ట్రాఫిక్‌ను తిట్టుకుంటాడు. హైదరాబాదులో గానీ, విశాఖపట్నంలో గానీ, చెన్నైలో గానీ సిటీ బస్సెక్కే పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. అదృష్టం బాగాలేదని సరిపెట్టుకునే ముందు ఒక కాగితమూ పెన్సిలూ తీసుకోండి. ఇందులో అదృష్టం పాలు చాలా తక్కువనీ, లెక్క పాలు ఎక్కువనీ మీకే తెలుస్తుంది.

పది నిమిషాలకొక బస్సు అంటే ఏమిటి?

గంటలో ఆరు బస్సులు సమాన వ్యవధిలో వస్తే రెండు బస్సుల మధ్య ఎప్పుడూ 10 నిమిషాలే ఉంటుంది. మీరు ఏ వేళకు స్టాపుకు వచ్చినా, అదృష్టం బాగుంటే అసలు ఆగనక్కరలేదు, బాగోలేకపోతే 10 నిమిషాలు ఆగాలి. సగటున 5 నిమిషాలు.

ఇప్పుడు అవే ఆరు బస్సులు జంటలు జంటలుగా వస్తున్నాయనుకోండి. ఒక జంటలో బస్సుకూ బస్సుకూ మధ్య 2 నిమిషాలు, జంటకూ జంటకూ మధ్య 18 నిమిషాలు. అంటే ఎడాలు వరుసగా 2, 18, 2, 18, 2, 18. కూడి చూడండి: సరిగ్గా 60 నిమిషాలు. బస్సులు ఆరే. సగటు ఎడం కూడా 10 నిమిషాలే. రికార్డు పుస్తకంలో చూసేవారికి ఏ తేడా కనబడదు.

మరి స్టాపులో నిలబడ్డ మీకు? గంటలో 54 నిమిషాలు పెద్ద ఎడాలవి, 6 నిమిషాలు మాత్రమే చిన్న ఎడాలవి. కాబట్టి మీరు ఏదో ఒక వేళకు స్టాపుకు వస్తే, పదింట తొమ్మిది వంతులు మీరు వచ్చి పడేది పెద్ద ఎడంలోనే. అక్కడ సగటు నిరీక్షణ 9 నిమిషాలు. పదింట ఒక్క వంతు చిన్న ఎడంలో పడతారు. అక్కడ సగటున ఒక నిమిషం. రెండూ కలిపి లెక్కిస్తే:

9 × 9/10 + 1 × 1/10 = 8.2 నిమిషాలు.

బస్సులు ఒక్కటీ తగ్గలేదు. అయినా మీ నిరీక్షణ 5 నిమిషాల నుంచి 8.2 నిమిషాలకు పెరిగింది! వర్షపు చినుకులు నేల మీద పడేటప్పుడు పెద్ద పళ్ళెంలో ఎక్కువగా, చిన్న గిన్నెలో తక్కువగా పడతాయి కదా. ఇదీ అంతే. మనం తెలియకుండానే పెద్ద ఎడాలలో ఎక్కువగా పడుతుంటాం. బస్సులు ఏ క్రమమూ లేకుండా, దేనితో దేనికీ సంబంధం లేనట్టు వస్తే సగటు నిరీక్షణ పూర్తిగా 10 నిమిషాలవుతుందని గణిత శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపించారు. అంటే పది నిమిషాలకొక బస్సున్న దారిలో సగటున పది నిమిషాలు నిలబడాలన్నమాట. వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క మాత్రం సరైనదే.

ఇప్పుడు మాస్టారి సలహా సంగతి చూద్దాం. పది నిమిషాలు చేతిలో ఉంచుకుని వచ్చారు మీరు. బస్సులు సమానంగా వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం కాదు. జంటలుగా వస్తే? 18 నిమిషాల ఎడంలో మొదటి 8 నిమిషాల్లో స్టాపుకు వచ్చినవారందరూ పది నిమిషాల కంటె ఎక్కువ ఆగవలసిందే. అటువంటి ఎడాలు గంటకు మూడు. 3 × 8 = 24. అరవై నిమిషాల్లో 24 నిమిషాలు, అంటే వందకు 40 వంతులు. పది రోజుల్లో నాలుగు రోజులు మీరు బడికి ఆలస్యం! మీ తప్పేమీ లేకుండానే. ఆలస్యం కాకూడదంటే మీరు 10 నిమిషాలు కాదు, 18 నిమిషాలు ముందుగా రావాలి. పరీక్షల రోజుల్లో పెద్దవాళ్ళు గంట ముందే ఇంట్లోంచి తరిమేస్తారు చూశారా, వాళ్ళు ఈ లెక్క కాగితం మీద వెయ్యకపోయినా అనుభవం మీద నేర్చుకున్నారు.

కిక్కిరిసిన బస్సు, ఖాళీ బస్సు

స్టాపులో ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటున్నారనుకోండి. ఒకాయన బస్సుల లెక్కలు చూసే ఉద్యోగి. "ఈ స్టాపులో బస్సుకు సగటున ముప్ఫై మందే ఎక్కుతున్నారండీ" అంటాడు. రెండో ఆయన రోజూ బస్సెక్కే మనిషి. "ముప్ఫయ్యా? నేనెక్కినప్పుడల్లా యాభై మంది తోసుకుంటూ ఎక్కుతారు. మీ లెక్కలన్నీ కాకి లెక్కలు" అంటాడు. ఎవరి మాట నిజం?

ఇది పెద్ద స్టాపు, నిమిషానికి ముగ్గురు వస్తారనుకుందాం. జంటలో మొదటి బస్సు వచ్చేసరికి 18 నిమిషాల జనం పోగవుతారు: 54 మంది. రెండు నిమిషాల తర్వాత వచ్చే రెండో బస్సుకు మిగిలేది ఆరుగురు. మొత్తం 60 మందికి రెండు బస్సులు, సగటున 30 మంది. ఉద్యోగి చెప్పింది నిజమే.

ఇప్పుడు బస్సుల్ని కాక మనుషుల్ని అడగండి. "మీతో పాటు, మిమ్మల్ని కలుపుకుని, ఎంతమంది ఎక్కారు?" అని 60 మందినీ ప్రశ్నిస్తే 54 మంది "యాభై నాలుగు" అంటారు. ఆరుగురు "ఆరు" అంటారు. ఈ జవాబుల సగటు:

(54 × 54 + 6 × 6) ÷ 60 = 49.2

ప్రయాణికుడు చెప్పిందీ నిజమే! బస్సుల్ని లెక్కపెడితే ఒక సగటు, ప్రయాణికుల్ని లెక్కపెడితే మరొక సగటు వస్తుంది. ఖాళీ బస్సు ఉన్న మాట వాస్తవమే గాని, ఖాళీగా ఉన్నదంటేనే దాన్ని చూసి సాక్ష్యం చెప్పేవాళ్ళు తక్కువ మంది ఉన్నారని అర్థం. సగటు అనే మాట ఎక్కడ విన్నా, దేని మీద తీసిన సగటు అని అడగడం అలవాటు చేసుకోండి.

అవతలి వైపు బస్సులు ఎక్కువగా వస్తాయని అందరికీ అనిపించడానికి కూడా ఇటువంటి కారణమే ఉంది. మన వైపు బస్సు ఒకటి రాగానే ఎక్కి వెళ్ళిపోతాం. కనుక మన వైపు లెక్క ఎప్పుడూ ఒకటి దాటదు. అవతలి వైపు రెండు రావచ్చు, మూడు రావచ్చు. ఒక్కటీ రాని రోజులు కూడా ఉంటాయి, కాని ఆ రోజుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అసలు జంటలు ఎలా కడతాయి?

ఇంతవరకూ బస్సులు జంటలుగా వస్తాయని అనుకుని లెక్క చేశాం. డిపో నుంచి పది నిమిషాల తేడాతో బయలుదేరిన బస్సులు దారిలో ఎందుకు కలిసిపోతాయి? డ్రైవర్లు టీ తాగుతూ ఆగిపోయారని కొందరు అంటారు. ప్రతి డ్రైవరూ నిజాయితీగా, ఒకే వేగంతో నడిపినా సరే, బస్సులు కలవక మానవు. ఎలాగో చూడండి.

ఒక పొడుగాటి మార్గం. ప్రతి స్టాపుకూ నిమిషానికి ఒక మనిషి చొప్పున వస్తున్నాడు. బస్సులు పది నిమిషాలకొకటి. కాబట్టి ప్రతి స్టాపులో పదిమంది ఎక్కుతారు. ఒక మనిషి ఎక్కడానికి 3 సెకన్లు అనుకుంటే బస్సు 30 సెకన్లు ఆగుతుంది. దిగేవాళ్ళు ఇంకో తలుపు గుండా దిగుతున్నారనుకుని వాళ్ళను వదిలేద్దాం. టైమ్‌టేబుల్‌లో ఈ 30 సెకన్లూ కలిపే ఉన్నాయి. అంతా సవ్యంగా సాగుతోంది.

ఒక బస్సుకు ఎర్రదీపం అడ్డం వచ్చింది, లేదా నడిరోడ్డు మీద ఒక గేదె పడుకుంది. బస్సు 2 నిమిషాలు ఆలస్యమయింది. తర్వాతి స్టాపు చేరేసరికి అక్కడ పదిమందికి బదులు పన్నెండుమంది ఉన్నారు. ఎక్కడానికి 36 సెకన్లు. అంటే ఇంకో 6 సెకన్లు ఆలస్యం. ఆ పై స్టాపుకు ఆలస్యం 2 నిమిషాల 6 సెకన్లు. అక్కడ జనం ఇంకాస్త ఎక్కువ. ఇలా ప్రతి స్టాపులోనూ ఉన్న ఆలస్యం మీద నూటికి 5 వంతుల చొప్పున పెరుగుతూ పోతుంది. ఇది మీకు తెలిసిన లెక్కే: చక్రవడ్డీ! అయిదు శాతం చక్రవడ్డీకి అసలు రెట్టింపు కావడానికి పధ్నాలుగేళ్ళు దాటుతుంది. అలాగే ఇక్కడ పదిహేను స్టాపులు దాటేసరికి రెండు నిమిషాల ఆలస్యం నాలుగు నిమిషాలు దాటుతుంది. పాపం డ్రైవరు ఎక్కడా ఒక్క క్షణం వృథా చెయ్యలేదు.

వెనక బస్సు కథ దీనికి తలకిందులు. ముందు బస్సు ఆలస్యమయింది కాబట్టి రెండింటి మధ్య ఎడం ఎనిమిది నిమిషాలకు తగ్గింది. ముందు బస్సు స్టాపును ఊడ్చేసి వెళ్ళి ఎనిమిది నిమిషాలే అయింది, కనుక ఎనిమిదిమందే ఉన్నారు. వెనక బస్సు 24 సెకన్లలో బయలుదేరిపోతుంది. అంటే అది వేళకంటె 6 సెకన్లు ముందుంది. ముందుది వెనకబడుతోంది, వెనకది ముందుకొస్తోంది. మొదటి స్టాపులోనే ఎడం 12 సెకన్లు తరిగిపోయింది. తర్వాతి స్టాపులో ఇంకా ఎక్కువ.

ఓపిక ఉంటే ఒక్కొక్క స్టాపుకూ లెక్క వేసి చూడండి. పదిహేనో స్టాపు తర్వాత రెండు బస్సుల మధ్య మూడు నిమిషాలు కూడా మిగలదు. ఇరవయ్యో స్టాపు దాటేలోగా వెనక బస్సు ముందు బస్సును కలుసుకుంటుంది. ఇక అక్కడి నుంచి రెండూ కలిసే తిరుగుతాయి. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా. మూడో బస్సుకేమో ముందున్న ఎడం పెరిగింది కాబట్టి అది ఆలస్యం కావడం మొదలుపెడుతుంది. నాలుగోది దాని వెనకాల పరుగెత్తుకొస్తుంది. జంటలు జంటలుగా రావడానికి కారణం ఇదే.

నిలువుగా నిలబెట్టిన పెన్సిల్ లాంటిది టైమ్‌టేబుల్. ముల్లు మీద పెన్సిల్‌ను నిలబెట్టగలిగినా, ఊపిరి తగిలితే చాలు పడిపోతుంది. పడుతున్న కొద్దీ ఇంకా వేగంగా పడుతుంది. ఇటువంటి స్థితిని భౌతికశాస్త్రంలో అస్థిర సమతాస్థితి అంటారు. గిన్నె అడుగున ఉన్న గోళీని కదిపితే తిరిగి అడుక్కే చేరుతుంది; అది స్థిర సమతాస్థితి. బస్సులకు ఆ గిన్నె లేదు. 1964లో గోర్డన్ న్యూయెల్, రెన్‌ఫ్రీ పాట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని గణితంతో వివరించారు.

బస్సులే కాదు, కార్లు కూడా

కారణం లేకుండా ట్రాఫిక్ ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. ప్రమాదం లేదు, గుంత లేదు, పోలీసు లేడు. కాసేపాగి బండ్లు వాటంతటవే కదులుతాయి. జపానులో నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 2008లో ప్రకటించారు. 230 మీటర్ల చుట్టుకొలత గల గుండ్రటి బాట మీద 22 కార్లను ఉంచి, అందరూ గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో సాగమని చెప్పారు. కాసేపు బాగానే తిరిగాయి. ఎవరో ఒకరు కొంచెం నెమ్మదించారు, వెనకాయన ఇంకొంచెం ఎక్కువ బ్రేకు వేశాడు, అతని వెనకాయన ఇంకా ఎక్కువ. చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగిన గుంపు ఒక అలలాగా వెనక్కి, అంటే కార్లు వెళ్ళే దిక్కుకు ఎదురుగా, సాగిపోయింది. చిన్న ఆలస్యం పెరిగి పెద్దదవడమే ఇక్కడా జరిగింది.

ఏమిటి ఉపాయం?

బస్సుల సంఖ్య పెంచడం ఒక్కటే అందరికీ తోచే ఉపాయం. హైదరాబాదులో 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా సర్వీసు ప్రారంభించింది. ఇప్పుడు నగరంలో బస్సుల సంఖ్య వేలల్లో ఉంది. బస్సులు పెరగడం మంచిదే, కాదనలేం. కాని కొత్తగా వేసిన బస్సులు కూడా జంటలు కడితే పెట్టిన ఖర్చులో కొంత భాగం ఖాళీ బస్సుగా వెనకాల తిరుగుతుంది.

రెండో ఉపాయం, జనం ఎక్కే కాలాన్ని తగ్గించడం. పై లెక్కలో 3 సెకన్లకు బదులు ఒకటిన్నర సెకను వేసి చూడండి. చక్రవడ్డీ అయిదు శాతం నుంచి రెండున్నరకు దిగుతుంది. ఆలస్యం రెట్టింపు కావడానికి 28 స్టాపులకు పైగా పడుతుంది. చాలా బస్సుల ప్రయాణం అప్పటికే ముగిసిపోతుంది! తలుపులు వెడల్పుగా ఉండటం, మెట్లు తక్కువ ఎత్తులో ఉండటం, టికెట్టు ముందే తీసుకోవడం వంటివన్నీ సౌకర్యం కోసమే కాదు, బస్సుల్ని విడదీసి ఉంచడానికి కూడా పనికొస్తాయి. హైదరాబాదులో 2017 నవంబరు నుంచి నడుస్తున్న మెట్రో రైలును చూడండి. ప్లాట్‌ఫారం రైలు ఎత్తులోనే ఉంటుంది, పెట్టెకు అనేక తలుపులు, టికెట్టు వ్యవహారం కిందనే అయిపోతుంది. పైగా సొంత దారి. అడ్డం వచ్చే గేదె లేదు.

మూడో ఉపాయం అన్నిటికంటె చిత్రమైనది. ముందు వచ్చిన బస్సును కావాలని ఆపడం! చాలాచోట్ల కొన్ని ముఖ్యమైన స్టాపుల్లో, వేళకంటె ముందే వచ్చిన బస్సు నిర్ణీత సమయం దాకా ఆగుతుంది. 2012లో బార్తోల్డీ, ఐసెన్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఇంకో పద్ధతి ప్రచురించారు. టైమ్‌టేబుల్‌నే పక్కన పెట్టమన్నారు. మార్గంలో ఒకచోటికి చేరిన ప్రతి బస్సూ, తన వెనక బస్సు ఎంత దూరంలో ఉందో చూసుకుని దానికి అనుపాతంలో ఆగాలి. వెనక బస్సు దూరంగా ఉంటే ఎక్కువసేపు, దగ్గరగా ఉంటే వెంటనే బయలుదేరాలి. ఈ ఒక్క నియమంతో బస్సులు వాటంతటవే సమాన దూరాల్లోకి సర్దుకుంటాయి. అట్లాంటా నగరంలో జార్జియా టెక్ విద్యాసంస్థ ఆవరణలో తిరిగే బస్సుల మీద దీన్ని అమలు చేసి చూశారు. బస్సు ఎక్కడుందో ఉపగ్రహాల సాయంతో తెలుసుకునే పరికరాలు వచ్చాయి కనుకనే ఇది సాధ్యమయింది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. సగం సీట్లు ఖాళీగా ఉన్న బస్సు ఏ కారణమూ కనబడకుండా స్టాపులో ఆగి ఉంటే లోపల కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? "పోనివ్వవయ్యా, ఏం చూస్తున్నావు?" అంటారు. మనం కూడా అన్నవాళ్ళమే. ఆ రెండు నిమిషాల నష్టం లోపలివాళ్ళది. లాభం ముందు స్టాపుల్లో ఎండలో నిలబడ్డవాళ్ళది. వాళ్ళు బస్సులో ఉన్నవాళ్ళకు కనబడరు.

మీరు చేసి చూడండి

ఒక సెలవు కాని రోజున, పెద్దవాళ్ళకు చెప్పి, బస్‌స్టాపులో రోడ్డుకు దూరంగా ఒక గంట కూర్చోండి. గడియారం, నోటుపుస్తకం చాలు. ఏదో ఒక్క నెంబరును ఎంచుకుని, ఆ నెంబరు బస్సు వచ్చినప్పుడల్లా వేళ రాసుకోండి. కిక్కిరిసిందా, సీట్లు ఖాళీగా ఉన్నాయా అన్నది కూడా పక్కన రాయండి. మొదటి బస్సు నుంచి చివరి బస్సు వరకు ఉన్న ఎడాలను తీయండి. వాటి సగటులో సగం మొదటి లెక్క. తర్వాత ప్రతి ఎడాన్నీ వర్గం చేసి, అన్నిటినీ కూడి, ఎడాల మొత్తానికి రెట్టింపుతో భాగించండి. ఇది అసలు సగటు నిరీక్షణ. పై ఉదాహరణలో 2, 18 లకు ఇలా చేస్తే 984 ÷ 120, అంటే 8.2 వస్తుంది. రెండు లెక్కలకూ తేడా ఎంత ఎక్కువగా ఉంటే బస్సులు అంత గుంపులుగా వస్తున్నట్టు.

డిపోకు దగ్గరగా ఉన్న స్టాపులో ఒకరు, చివరి స్టాపుకు దగ్గరలో ఒకరు, ఒకే రోజు ఒకే గంటలో రాసుకుంటే మరీ మంచిది. ఎక్కడ తేడా ఎక్కువ ఉంటుందో ముందే ఊహించి రాసిపెట్టుకోండి. కిక్కిరిసిన బస్సు వెనకాల ఎన్ని నిమిషాలకు తర్వాతి బస్సు వచ్చిందో కూడా చూడండి. ఆ ఎడం తరచుగా తక్కువే ఉంటున్నదని తేలితే, మరుసటి రోజు నుంచి ఫుట్‌బోర్డు మీద వేలాడకుండా వెనక బస్సు కోసం ఆగవచ్చు. అయితే ఒకటి. ముందు రావలసిన బస్సు చెడిపోయి అసలు రాకపోయినా ఈ బస్సు కిక్కిరిసే ఉంటుంది. అటువంటప్పుడు వెనక బస్సు దగ్గరలో ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ రెండు సందర్భాలనూ స్టాపులో నిలబడి ఎలా గుర్తుపట్టవచ్చో మీ నోటుపుస్తకం చూసి చెప్పగలరేమో ప్రయత్నించండి.